ముందు సీటు

ఆ ఎండాకాలం కోర్లీ కౌంటీలో పని తగ్గనివాడు క్లీవన్ ట్రామెల్ ఒక్కడే. ఆ మాట ఎవరైనా ఎదురుగా అంటే అతనికి ఒళ్ళు మండేది. తండ్రి నుంచి వచ్చిన వృత్తి అది. చనిపోయినవాళ్ళకు స్నానం చేయించి, మంచి బట్టలు తొడిగి, పెట్టెలో పడుకోబెట్టి, పాటలతో ప్రార్థనలతో మట్టికి చేర్చడం. షేడీ ఫోర్క్ చుట్టుపక్కల నల్లవాళ్ళ ఇళ్ళలో అమ్మనో నాన్ననో ట్రామెల్ వాళ్ళ చేతుల్లో పెట్టనివాళ్ళు లేరు.

కరోనా వచ్చిన ఆ ఏడు పాటలు కూడా పోయాయి. సమాధి దగ్గర పదిమందికి మించి ఉండకూడదన్నారు. ముఖాలకు గుడ్డలు కట్టుకుని దూరందూరంగా నిలబడ్డ మనుషులు ఏడుపును కూడా సగంలోనే మింగేసేవాళ్ళు. పాస్టరుగారు కారు దిగకుండా అద్దం దించి వాక్యం చదివి వెళ్ళిపోయిన రోజులు కూడా ఉన్నాయి. మనిషి పోయిన ఇంటికి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యడానికి లేదు. క్లీవన్‌కు తెలిసిన పనిలో సగం ఆ చెయ్యి వెయ్యడమే.

టీవీలో ఒక డాక్టరుగారు లెక్కలు చెప్పేవాడు. పట్నాలకంటే పల్లెల్లో, తెల్లవాళ్ళకంటే నల్లవాళ్ళలో ఎక్కువమంది పోతున్నారట. వాళ్ళలో షుగరు, బీపీ ఎక్కువ, తిండి అలవాట్లు కూడా సరిగా ఉండవు అనేవాడు. క్లీవన్ భార్య వెర్డెల్‌కు చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. "నా మొక్కజొన్న రొట్టె సంగతి ఈయనకెవరు మోశారో" అంటూ లేచి టీవీ కట్టేసేది.

క్లీవన్‌కు నవ్వు వచ్చేది కాదు. ఆ డాక్టరు చెప్పని సంగతి ఒకటి అతనికి తెలుసు. కోర్లీ కౌంటీలో ఆసుపత్రి లేదు. ఒకప్పుడు ఉండేది. దాన్ని మూసినవాళ్ళలో తనూ ఒకడు.

మూడేళ్ళ కిందటి మాట. కౌంటీ బోర్డులో అయిదుగురు సభ్యులు. షేడీ ఫోర్క్ నుంచి గెలిచినవాడు క్లీవన్. ఆసుపత్రి ఏటికేడు నష్టాల్లో పోతోందని, ఇలాగే ఉంటే బడి పైకప్పు కూడా బాగుచేయించలేమని బోర్డు చైర్మన్ హాలిస్ డనవే మూయాలని పట్టుబట్టాడు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు అయ్యారు. మిగిలింది క్లీవన్ చెయ్యి.

మీటింగుకు ముందు డనవే అతన్ని తన గదికి పిలిచి, తియ్యటి టీ చేతికిచ్చి కూర్చోబెట్టాడు.

"చూడు క్లీవన్, మీ వాళ్ళందరిలో ముందుచూపు ఉన్నవాడివి నువ్వొక్కడివే. ఆవేశపడవు, ఆలోచిస్తావు. షేడీ ఫోర్క్‌కి తారు రోడ్డు నేను వేయిస్తా. వారానికి రెండు రోజులు డాక్టరొచ్చే క్లినిక్ పెడదాం. ఇంకో అంబులెన్సు కొందాం. ఇంతకంటే ఏం కావాలి నీకు?"

డనవే తెల్లవాడు, అతనికంటే రెండేళ్ళు చిన్నవాడు. అయినా డనవేది ఎప్పుడూ 'నువ్వు', క్లీవన్‌ది ఎప్పుడూ 'డనవే గారు'. ఊళ్ళో అదే వాడుక, దానికి ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. కానీ ముందుచూపు ఉన్నవాడివి అన్న మాట మాత్రం ఆ టీ కంటే తియ్యగా దిగింది. ఆసుపత్రికి మనిషి ఎప్పుడో ఒకసారి వెళతాడు, రోడ్డు మీద రోజూ నడుస్తాడు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. మీటింగులో చెయ్యెత్తాడు.

వెనక వరసలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ లెమ్యూల్ స్టాల్‌వర్త్ అప్పుడే గొంతెత్తాడు. లెమ్యూల్ కలప లారీ నడిపేవాడు. క్లీవన్‌తో పాటు ఒకే బెంచీ మీద చదువుకుని, ఒకే వాగులో ఈత నేర్చినవాడు.

"ఒరే క్లీవన్, గిరాకీ తగ్గిందా నీకు?"

హాలంతా నవ్వింది. తర్వాత ఆ మాట అర్థమై నవ్వు ఆగిపోయింది. మంగలి దుకాణంలో, చర్చి మెట్ల మీద, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ మాట ఏడాది పొడుగునా తిరిగింది. స్నేహితులిద్దరికీ మాటలు పోయాయి. లెమ్యూల్ భార్య ఆర్నెటా మాత్రం వెర్డెల్‌తో ఫోనులో మాట్లాడటం మానలేదు. "మగాళ్ళకి మాట పడిపోతే మనకి నాలుక ఎండిపోవాలా" అనేది.

రోడ్డు వేశారు. క్లినిక్ కొన్నాళ్ళు నడిచి డాక్టరు రావడం మానేశాక మూతపడింది. రెండో అంబులెన్సు రానేలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం ఆర్నెటా ఫోను చేసింది.

"క్లీవన్, ఈ ఫోను స్నేహితుడికి చెయ్యడంలేదు. బోర్డు సభ్యుడికి చేస్తున్నా. అంబులెన్సు ఏదీ?"

ఆర్నెటా వాళ్ళ కూతురు షరోండా వేరే ఇంట్లో ఉంటూ జెల్లచేపలు కోసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అక్కడ మనుషులు మోచేతులు తగిలేంత దగ్గరగా నిలబడి కోస్తారు. ఊరంతా మూసినా ఆ ఫ్యాక్టరీ మూయలేదు. జ్వరం ముందు షరోండాకు వచ్చింది, ఆమె నుంచి లెమ్యూల్‌కు అంటుకుంది. కౌంటీకి ఉన్న ఒక్క అంబులెన్సూ అదే ఫ్యాక్టరీ మనిషి ఇంకొకర్ని ఎక్కించుకుని మాంట్‌గమరీ పట్నానికి వెళ్ళిందని, అక్కడ ఆసుపత్రి ముందు వరసలో ఆగి ఉందని క్లీవన్‌కు పొద్దుటే తెలుసు.

"వస్తుంది" అన్నాడు.

"ఎప్పుడు?"

అతను గోడ గడియారం వైపు చూశాడు.

"పెదాలు బూడిదరంగుకి తిరిగాయి, క్లీవన్. నిన్నటిదాకా నన్ను తిట్టాడు. ఇవాళ తిట్టడంలేదు."

క్లీవన్ ఫోను పెట్టేసి షెడ్డులోకి వెళ్ళాడు. తన చిన్న కారులో లెమ్యూల్ అంత పొడుగు మనిషిని పడుకోబెట్టడం కుదరదు. మనిషి పడుకోగలిగిన బండి ఒక్కటే ఉంది, శవాల బండి. తెల్లవాళ్ళ అంబులెన్సులు నల్లవాళ్ళను ఎక్కించుకోని రోజుల్లో వాళ్ళ నాన్న శవాల బండిలోనే పురిటి నొప్పులవాళ్ళనీ, చెయ్యి తెగినవాళ్ళనీ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. క్లీవన్ శవపెట్టె జారే చట్రం విప్పేసి, చుట్టాల మంచం మీది పరుపు తెచ్చి పరిచాడు.

వెర్డెల్ గుమ్మంలోంచి చూసింది. వద్దనలేదు. "మాస్కు తియ్యకు. మధ్యలో అద్దం మూసుకో. నువ్వు గనక ఆ జబ్బు ఇంటికి తెచ్చావంటే పోయేది నేనే, గుర్తుపెట్టుకో" అంది.

లెమ్యూల్ వరండాలో కుర్చీలో ఒరిగి ఉన్నాడు. బండిని చూసి కళ్ళు పెద్దవి చేశాడు. మూడేళ్ళ తర్వాత మాట్లాడిన మొదటి మాట అది.

"అదెందుకు తెచ్చావు?"

"ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి."

"దాంట్లో ఎక్కినవాడు..." ఊపిరి తీసుకున్నాడు. "ఎవడైనా దిగాడా?"

"మా నాన్న రోజుల్లో దిగారు. మీ అక్క పురుడుకి వెళ్ళింది ఇలాంటి బండిలోనే. నీ మేనల్లుడు నిక్షేపంగా ఉన్నాడు గదా."

"ఉన్నాడు. ఉండి ఏం... ఉపయోగం."

"పరాచికాలు తర్వాత. ఎక్కు" అంది ఆర్నెటా.

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని అతన్ని పరుపు మీదికి చేర్చారు. ఆర్నెటా లోపలికి వెళ్ళి దిండు, చెప్పులు, బ్రెడ్డు కవరులో చుట్టిన బీపీ మాత్రలు తెచ్చింది. తెచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఒక చెయ్యి ద్వారబంధం మీద ఉంది. భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి. మొహం పక్కకు తిప్పుకుని మోచేతిలోకి దగ్గింది.

క్లీవన్ చూశాడు. చనిపోయినవాళ్ళ మధ్య, చనిపోబోయేవాళ్ళ చుట్టాల మధ్య బతుకు గడిపినవాడు. ఆ రొప్పు ఏమిటో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"నీకెలా ఉంది, ఆర్నెటా?"

"నాకేం. పక్క పొలంలో గడ్డి కోశారు, ఆ దుమ్ము."

"పోనీ నువ్వు..." అని ఆగాడు.

"కూరాకు పొయ్యి మీదుంది. షరోండాకి కూడా ఇంత పంపాలి. బయల్దేరు, నన్ను చూస్తావేంటి."

ముందు సీటు ఖాళీగా ఉంది. లెమ్యూల్ ఉన్న వెనక భాగానికీ తనకూ మధ్య అద్దం ఉంది. ఆర్నెటా పక్కన కూర్చుంటే మధ్యలో ఏ అద్దమూ ఉండదు. గంటన్నర దారి. వెర్డెల్ మాటలు గుర్తుకొచ్చాయి. తన వయసూ గుర్తుకొచ్చింది. గడ్డి దుమ్ము అని ఆమె అన్నప్పుడు గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది. ఆ తేలికే తర్వాత అతన్ని వదలలేదు.

"సరే, జాగ్రత్త" అని బండి తీశాడు.

తారు రోడ్డు మీద బండి మెత్తగా సాగింది. మూతపడ్డ ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి క్లీవన్ కళ్ళు రోడ్డు మీంచి తిప్పలేదు. గేటుకు గొలుసు వేసి ఉంది. వాకిట్లో నడుమెత్తున కలుపు పెరిగింది. అద్దం సందులోంచి లెమ్యూల్ గొంతు సన్నగా వినిపించింది.

"ఎక్కడున్నాం?"

"గేటు దాటాం."

"ఏ గేటు?"

క్లీవన్ బండి వేగం పెంచాడు. కాసేపటికి వెనకనుంచి మళ్ళీ మాట వచ్చింది.

"రోడ్డు మాత్రం... బాగా వేయించావు. కుదుపు లేదు."

అది ఎత్తిపొడుపో నిజంగా అన్న మాటో క్లీవన్‌కు ఎప్పటికీ తెలియలేదు.

పట్నం ఆసుపత్రి దగ్గర కాపలా మనిషి బండిని చూడగానే చెయ్యి ఊపాడు. "ఇటు కాదండీ. వెనక్కి తిప్పండి. బాడీలు అప్పగించే గుమ్మం అటుంది."

"నేను తీసుకెళ్ళడానికి రాలేదు. తెచ్చాను. బతికే ఉన్నాడు."

కాపలా మనిషి వంగి లోపలికి చూశాడు. లెమ్యూల్ అరచెయ్యి ఎత్తి చూపించాడు. అంతే, లోపల్నుంచి స్ట్రెచరు పరుగున వచ్చింది. ఆ అరచెయ్యి తలుపు అవతలికి వెళ్ళేదాకా క్లీవన్ చూస్తూ నిలబడ్డాడు. సరైన సమయానికి తెచ్చారని, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని ఒక నర్సు వచ్చి చెప్పింది.

తిరుగు దారిలో క్లీవన్ మనసు తేలిపోయింది. ఆ మీటింగు తర్వాత అంత తేలిక ఎరగడు. ఆకలి వేసింది. రోడ్డు పక్క కోడివేపుడు అమ్మే చోట ఆగి పొట్లం కట్టించుకుని, చెట్టు నీడలో బండి పెట్టుకుని, మాస్కు దించి తీరిగ్గా తిన్నాడు. వేళ్ళు నాకాడు. ఏదో పాత చర్చి పాట నోటికొస్తే కూనిరాగం తీశాడు. తిన్నాక ఆర్నెటాకు ఫోను చేశాడు.

"చేర్చుకున్నారు. ఆక్సిజన్ పెట్టారు. సరైన సమయానికి తెచ్చామన్నారు."

అవతల ఆమె ఏడ్చినట్టనిపించింది. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి, క్లీవన్" అంది. తర్వాత చాలాసేపు దగ్గింది.

"నువ్వు వేడిగా ఏదన్నా తాగి పడుకో."

"అలాగేలే. నాకేం."

షేడీ ఫోర్క్ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంకా పొద్దుంది. మలుపు తిరిగితే ఆమె ఇల్లు. రోడ్డు మీదికి పెరటి టమాటా పాదులు కూడా కనిపిస్తాయి. బండిని మందు నీళ్ళతో కడగాలి, స్నానం చేయకుండా వెర్డెల్ ఎదుట పడకూడదు అనుకుంటూ అతను నేరుగా ఇంటికి పోయాడు.

పొద్దున్నే షరోండా ఫోను వచ్చింది. జ్వరం తగ్గి లేచి తల్లిని చూద్దామని వెళ్ళిందట. ఆర్నెటా వంటింటి కుర్చీలో కూర్చుని ఉంది. పొయ్యి ఆర్పేసి ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. అంబులెన్సు వాళ్ళు అప్పుడే వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నారు. చెయ్యగలిగిందేమీ లేదు.

"రాత్రి నాకు ఫోన్ చేసింది, అంకుల్. ఊపిరాడటంలేదే అంది. అంబులెన్సుకి చేశాం. వస్తామన్నారు. మీకు చెయ్యమన్నాను." షరోండా గొంతు పొడిగా ఉంది. "వద్దంది. ఇప్పుడే ఇల్లు చేరుంటాడు, పెద్దవాడు, అలిసిపోయాడు, పడుకోనీ అంది."

క్లీవన్ అదే బండిలో ఆమెను తెచ్చుకున్నాడు. ముందురోజు పరిచిన పరుపు తీసి చట్రం మళ్ళీ బిగించేటప్పుడు మర చేతికి అందలేదు. నిన్న విప్పిన మరే. లోపల బల్ల మీద ఆమెను సిద్ధం చేశాడు. ఊదారంగు గౌను, ఆదివారాలు చర్చికి పెట్టుకునే టోపీ షరోండా పంపింది. అన్నీ సవ్యంగా చేశాడు. పని అయ్యాక బయటికి రాలేదు. వెర్డెల్ వచ్చి చూస్తే గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు.

"నాకు కనపడింది, వెర్డెల్."

"ఏం కనపడింది?"

"రొప్పుతోంది. గుమ్మం పట్టుకుని నిలబడింది. ముందు సీటు ఖాళీ."

వెర్డెల్ తలుపు దగ్గరగా వేసింది. "నా గురించేగా" అంది.

"నీ గురించే అని చెప్పుకున్నాను. నా గురించి కూడా."

ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. ఊరడింపు మాట ఒక్కటీ అనలేదు. ఆ ఇంట్లో ఊరడింపు మాటలు అందరికీ తెలిసినవే, రోజూ చెప్పేవే. అవి తమ దగ్గర పనికిరావని ఇద్దరికీ తెలుసు.

ఆర్నెటాను షేడీ ఫోర్క్ చర్చి వెనక పూడ్చారు. పదిమందిలో తొమ్మిదిమంది చుట్టాలు. పదోవాడు క్లీవన్, పని మీద ఉన్నవాడు. లెమ్యూల్ పట్నంలోనే ఉన్నాడు. ఒక నర్సు చెవి దగ్గర ఫోను పట్టుకుంటే షరోండా ఆ మాట తండ్రికి చెప్పింది.

ఆ నెలలోనే డనవేకూ జబ్బు చేసింది. కొద్దిగా ఆయాసం అనిపించగానే కొడుకు కారులో ఎక్కించుకుని బర్మింగ్‌హామ్ తీసుకెళ్ళాడు. అక్కడ వాళ్ళ చుట్టాల్లో డాక్టరున్నాడు. రెండు వారాలకు తిరిగొచ్చి, కాస్త కోలుకున్నాక క్లీవన్‌కు ఫోను చేశాడు.

"ఆర్నెటా సంగతి తెలిసింది. పాపం, మంచి మనిషి. నీకు కూడా ఈ మధ్య ఊపిరి సలపని పని."

"ఇంకో అంబులెన్సు కొంటామన్నారు, డనవే గారూ."

"ఇప్పుడా, క్లీవన్? పరిస్థితి నీకు తెలియంది కాదు."

"మీరెలా వెళ్ళారు ఆసుపత్రికి?"

"మావాడు తీసుకెళ్ళాడు. ఏం?"

"ముందు సీట్లోనే కూర్చున్నారా?"

"ఏంటి?"

"ఏం లేదండి" అని క్లీవన్ ఫోను పెట్టేశాడు. డనవేను తిట్టుకుందామంటే కూడా నోరు రాలేదు. ఆ కొడుకు చేసినపని తను చేయలేదు, తేడా అంతే కదా అనిపించింది.

లెమ్యూల్‌ను ఆగస్టు చివర్లో ఇంటికి పంపారు. షరోండాకు ఫ్యాక్టరీలో సెలవివ్వలేదు. క్లీవన్ వెళ్తానన్నాడు. ఈసారి తన కారే తీసుకెళ్ళాడు. లెమ్యూల్ సగమయ్యాడు. ముక్కుకు సన్నటి గొట్టం, ఒళ్ళో సంచిలాంటి చిన్న ఆక్సిజన్ పెట్టె. క్లీవన్ తలుపు తీసి పట్టుకుంటే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరి దగ్గరికొచ్చాక "ఇంటికి కాదు. ముందు దాని దగ్గరికి పోనీ" అన్నాడు లెమ్యూల్.

చర్చి వెనక ఎర్రమట్టి ఇంకా పచ్చిగానే ఉంది. క్లీవన్ మడత కుర్చీ తెచ్చి వేశాడు. లెమ్యూల్ కూర్చుని మట్టిని చూస్తూ ఉండిపోయాడు.

"లెమ్యూల్, ఆ రోజు ఆర్నెటా..."

"తెలుసు."

"నీకు తెలీదు. నువ్వు లోపల పడుకుని ఉన్నావు. తను గుమ్మం పట్టుకుని రొప్పుతోంది. నేను చూశాను. పక్కన సీటుంది. ఎక్కమని అడగలేదు. గడ్డి దుమ్ము అంటే నమ్మినట్టు నటించాను. వచ్చేటప్పుడు కూడా మీ ఇంటికి రాలేదు. దారిలో ఆగి కోడి తిన్నాను."

లెమ్యూల్ తలెత్తలేదు. ఆక్సిజన్ పెట్టె సన్నగా బుసకొడుతోంది.

"నేనెక్కడానికి ముందే చాలా రోజుల్నుంచి దగ్గుతోంది" అన్నాడు. "పక్క గదిలో. నాకు వినపడకూడదని నోటికి దిండు అడ్డం పెట్టుకునేది. నాకు వినపడేది. ఆ మాట నోరు తెరిచి అంటే నువ్వు ఇద్దర్నీ ఎక్కించేవాడివేమో. లేకపోతే నన్ను దింపి దాన్ని ఎక్కించేవాడివేమో. రెండోది తలుచుకుని ఊరుకున్నాను." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బతకాలనిపించిందిరా. అంతే."

క్లీవన్ కుర్చీ పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

"అక్కడ పడుకుని రోజూ నిన్ను తిట్టుకున్నాను. నిన్ను తిడుతున్నంతసేపు నా సంగతి గుర్తొచ్చేది కాదు."

"ఇప్పుడు తిట్టు."

"ఊపిరి లేదు."

ఎక్కడో దూరంగా గడ్డి కోసే ట్రాక్టరు చప్పుడు. కాసేపటికి లెమ్యూల్ లేవబోతూ చెయ్యి చాపాడు. క్లీవన్ పట్టుకుని లేపాడు. లేచాక కూడా లెమ్యూల్ ఆ చెయ్యి వదల్లేదు.

"సీటు సంగతి నీదీ నాదీ. సగం నేను మోస్తా. ఆసుపత్రి సంగతి మాత్రం నీదొక్కడిదే. దాంట్లో నాకు వాటా ఇవ్వకు."

ఆ మాట విన్నాక క్లీవన్ చేసినపని ఏమంత గొప్పది కాదు. అక్టోబరులో బోర్డు మీటింగు కోర్టు భవనం ముందు పచ్చికలో టెంటు వేసి పెట్టారు. జనం దూరందూరంగా కుర్చీల్లో కూర్చున్నారు. లెమ్యూల్ ఆక్సిజన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో ఉన్నాడు. ప్రభుత్వం కరోనా కోసం పంపిన సొమ్ముతో రెండో అంబులెన్సు కొనాలని, దాన్ని షేడీ ఫోర్క్‌లోనే ఉంచాలని క్లీవన్ అడిగాడు.

డనవే ఓపిగ్గా నవ్వాడు. "ఆసుపత్రి మూసేటప్పుడు నువ్వూ చెయ్యెత్తావు గదా, క్లీవన్. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?"

"ఎత్తాను. ఆ రోజు మీరు నన్ను ముందుచూపు ఉన్నవాడివన్నారు. ఆ మాటకే ఎత్తాను." గొంతు పెంచలేదు. "మీరు కొడుకు కారులో వెళ్ళి వచ్చారు, హాలిస్. సంతోషం. వెళ్ళలేనివాళ్ళ కాలర్లకి గుండీలు పెట్టినవాణ్ణి నేను. ఎవరెవరికి పెట్టానో చెప్తాను, వినండి."

అతను ఒక్కొక్క పేరూ చెప్పాడు. చేతిలో కాగితం లేదు. పేరు చెప్పినప్పుడల్లా కుర్చీల్లోంచి ఎవరో ఒకరు లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఆర్నెటా పేరు దగ్గర షరోండా నిలబడింది. లెమ్యూల్ నిలబడలేక చెయ్యెత్తాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి తనను పేరుపెట్టి పిలిచినందుకో, ఆ పేర్లకో డనవే మొహం ఎర్రబడింది.

పడమటి వైపు సభ్యుడు ఒక తెల్లవాడు, కోళ్ళ ఫారం రైతు. ఎప్పుడూ డనవే వెనకే చెయ్యెత్తేవాడు. ఆ రోజు అటు ఎత్తలేదు. "మా అమ్మ కూడా అంబులెన్సు కోసం చూస్తూనే పోయింది" అని మాత్రం అన్నాడు. అటు డనవే ఒక్కడే మిగిలాడు, తీర్మానం గట్టెక్కింది.

ఆసుపత్రిని తెరిపించడం కుదరలేదు. మంచాలు, యంత్రాలు ఎప్పుడో అమ్మేశారు, పైకప్పు ఒక వైపు కూలింది. అంబులెన్సు మాత్రం వసంతంలో వచ్చింది. షేడీ ఫోర్క్ చర్చి పక్కన షెడ్డు వేసి నిలిపారు. వచ్చిన వారంలోనే కాన్పు కష్టమైన ఒక పిల్లను పట్నం చేర్చింది, తల్లీబిడ్డా క్షేమం. ఆ సంగతి చెప్పి జనం క్లీవన్‌ను మెచ్చుకుంటే అతను మాట మార్చేవాడు. మళ్ళీ ఎన్నికల్లో నిలబడలేదు. సైరను వినపడినప్పుడల్లా చేస్తున్న పని ఆపి, అది వినపడకుండా పోయేదాకా నిలబడిపోయేవాడు. వెర్డెల్ అది చూసేది, అడిగేది కాదు.

లెమ్యూల్ అతని ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. చర్చిలో ఎదురైతే తల ఊపేవాడు. అంతవరకే.

మరుసటి ఎండాకాలం ఒక ఆదివారం క్లీవన్ తలుపు తీసేసరికి మెట్టు మీద కాగితం సంచి ఉంది. లోపల టమాటాలు. రోడ్డు మీద లెమ్యూల్ పాత ట్రక్కు అప్పటికే మలుపు తిరుగుతోంది. ఎవరూ నాటకుండానే పోయినేడు రాలిన పండ్ల గింజల నుంచి ఆర్నెటా పెరట్లో పాదులు వాటంతటవే లేచాయని తర్వాత షరోండా చెప్పింది.

వెర్డెల్ ఒకటి చక్రాలుగా కోసి, ఉప్పూ మిరియాలూ చల్లి పళ్ళెంలో పెట్టింది. క్లీవన్ చాలాసేపు పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"తినకపోతే పాడవుతాయి" అంది వెర్డెల్.

తిన్నాడు. బాగా పండినవి, తియ్యగా ఉన్నాయి. మింగడానికే కష్టమైంది.